ఎనభై ఎనిమిది మాటలు

ఉదయం ఏడయ్యేసరికి మేస్త్రి షట్టరు పైకెత్తేవాడు. ఆ చప్పుడు విని ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ కొట్టాయన తన గడియారం సరిచేసుకునేవాడు. కింద పియానోలు బాగుచేసే కొట్టు, మేడ మీద కాపురం. కొట్లో ఎప్పుడు చూసినా నాలుగైదు పియానోలు పొట్టలు విప్పుకుని గోడకి ఆనుకుని ఉండేవి. వాటి మధ్య పొడుగాటి బల్ల. బల్లకి ఆ చివర మేస్త్రి, ఈ చివర ఆయన భార్య.

ఆవిడ పని ఉన్ని కత్తిరించడం. పియానోలో తీగని కొట్టే ప్రతి చిన్న సుత్తికీ నెత్తిమీద దళసరి ఉన్ని తొడుగు ఉంటుంది. తీగమీద ఆని మోత ఆపే దిమ్మెలకీ అదే ఉన్ని. చుట్టలు చుట్టలుగా వచ్చే ఆ గుడ్డ మీద ఫెల్ట్ అని అచ్చేసి ఉండేది. దాంతో వీధి వీధంతా ఆవిడకి ఫెల్టక్క అని పేరు పెట్టేసింది. కన్నకూతురు కూడా కోపం వస్తే "చూడు ఫెల్టక్కా" అనేది.

ఉన్ని అని పేరేగానీ ఆవిడ చెయ్యని పని లేదు. తెగిన తీగ మార్చేది. అరిగిన సుత్తి నెత్తి గీకేది. పగిలిన చెక్కకి జిగురు పెట్టి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే వేలితో తట్టి చూసేది. శ్రుతి చెయ్యడం ఒక్కటే మేస్త్రి పని.

ఆ వస్తువుల పేర్లు మాత్రం ఆవిడకి తెలియవు. అన్నీ ఇంగ్లీషు పేర్లు. మేస్త్రి పద్నాలుగో ఏట గురువు దగ్గర చేరి బట్టీపట్టినవి. కొట్టుకొచ్చిన వాళ్ళతో ఆ పేర్లు గలగలా చెప్పేవాడు. భార్యతో ఆ అవసరం పడలేదు. చెయ్యి చాపి "అది" అనేవాడు. ఆవిడ ఇచ్చేది. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ ఇచ్చిన "అది" తప్పు కాలేదు. ఆవిడకి తన సొంత పేర్లు ఉండేవి, మనసులో. సుత్తుల్ని గుడ్లనుకునేది, అలాగే ఉంటాయి కాబట్టి. మోత ఆపే దిమ్మెలు నోరుమూతలు. తీగల వెనక పరిచిన పెద్ద చెక్కపలక వీపు.

ఒక మంగళవారం టీచరమ్మ పియానో మూత ఎత్తి లోపలికి వంగిన మేస్త్రి అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

టీచరమ్మ అంటే ఇంగ్లీషు టీచరుగా రిటైరైన పెద్దావిడ. డెబ్బయ్యో ఏట పియానో నేర్చుకుందామని, ఎవరో వాడి వదిలేసిన గోధుమరంగు పియానో కొనుక్కుని, బాగుచెయ్యమని ఇచ్చింది. "మోకాళ్ళు ఎలాగూ అరిగిపోయాయి. వేళ్ళు కూడా అరిగేలోపు నేర్చుకోవాలి. తొందరగా ఇవ్వండి" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

ఆస్పత్రిలో డాక్టరు ఫెల్టక్కని పక్కకి పిలిచాడు.

"తలలో రక్తం చిన్న గడ్డ కట్టిందమ్మా. ప్రాణానికి భయం లేదు. కాలు తిరిగొస్తుంది. కుడిచెయ్యి అంతంతమాత్రం. ఇంకోటి, నామవాచకాలు పోయాయి."

"అంటే ఏవిటండీ?"

"వస్తువుల పేర్లు. ఇవ్వు, తీసెయ్, పద అంటున్నారు. ఏం ఇవ్వాలో, ఏం తియ్యాలో చెప్పలేకపోతున్నారు. అది, ఇది అంటున్నారు. మీరు గమనించలేదా?"

"లేదండీ" అంది ఆవిడ నిజాయితీగా. "మా ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడతారు."

మూడో రోజున బట్టలకోసం ఇంటికొచ్చి, కొట్టు తీసి దుమ్ము దులిపింది. టీచరమ్మ పియానో మెట్లమీద గుడ్డ పెట్టి తుడుస్తుంటే ఎడమచివరి మెట్టు దిగింది. మోగాల్సిన చోట "హ్యామర్" అని వినపడింది. మేస్త్రి గొంతే. కొట్టుకొచ్చిన వాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతు, స్పష్టంగా, కాస్త గర్వంగా. పక్క తెల్లమెట్టు నొక్కింది. "డ్యాంపర్." ఆ పక్కది "పెడల్." ఆవిడ స్టూలు లాక్కుని కూచుని ఈ చివరనుంచి ఆ చివరదాకా నొక్కుకుంటూ పోయింది. ఎనభై ఎనిమిది మెట్లు, ఎనభై ఎనిమిది మాటలు.

"ఇక్కడున్నాయన్నమాట" అనుకుని, గుడ్డ దులిపి, మూత వేసింది.

సాయంత్రం కూతురికి ఫోన్ చేసి చెప్పింది. కూతురు రెండు ఊళ్ళ అవతల బస్సుల ఆఫీసులో టికెట్లు రాస్తుంది. "పోనీలే అమ్మా, ఎక్కడో ఒకచోట ఉన్నాయి కదా. వీధిలో పడుంటే ఎవరు వెతుకుతారు?" అంది. కళ్ళజోళ్ళాయన వచ్చి ఒక మెట్టు నొక్కి చూశాడు. "క్యాస్టర్" అంది పియానో. "గొంతు బాగుంది. తడి తగలనివ్వకమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

పంతొమ్మిది రోజులకి మేస్త్రి ఇంటికొచ్చాడు. ఇంటి మాటలు అప్పటికే ఒక్కొక్కటీ తిరిగొస్తున్నాయి. నీళ్ళు వచ్చాయి, దుప్పటి వచ్చింది, మాత్ర వచ్చింది, కిటికీ వచ్చింది. కూతురు వచ్చినప్పుడు "అమ్మాయి" అన్నాడు. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పుకుని నిలబడింది. కొట్లోకి దిగాక మాత్రం ఆయన నోరు పెగల్లేదు. ఎటు చూసినా పేరు లేని సామానే. బల్లమీంచి సుత్తి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, పెదాలు కదిపి, మళ్ళీ కింద పెట్టేవాడు. తీగలు బిగించే శ్రుతి మీట కుడిచేత్తో పట్టి ఒకసారి చూశాడు. మీట జారింది, తీగ పుటుక్కున తెగింది. ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచాడు.

తరవాత వారం సంగీత పాఠశాల మేనేజరు వచ్చాడు. పొడుగాటి మనిషి, గుమ్మంలో వంగి మరీ లోపలికొచ్చాడు. ఆ పాఠశాలలో పదకొండు పియానోలు. కొట్టు సగం నడిచేది వాటిమీదే.

"పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయమ్మా. పదకొండూ శ్రుతి చెయ్యాలి. దేంట్లో ఏ భాగం పోయిందో పేరు పేరునా కాగితం మీద రాసివ్వాలి. ఈసారి కమిటీవాళ్ళు పట్టుబడుతున్నారు. మేస్త్రిగారి పరిస్థితి చూస్తే..." అని ఆగి, "వేరే ఊరినుంచి ఎవర్నైనా పిలిపించమంటారా?"

"వద్దండీ. మేం చేస్తాం."

"మేమంటే?"

"మేమంటే మేమేనండీ" అంది ఫెల్టక్క.

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కాగితాలు బల్లమీద పెట్టి వెళ్ళాడు. మేస్త్రి ఆ కాగితాలు తీసి చూసి ఆవిడ ముందుకి తోశాడు. "చెయ్యలేం" అన్నాడు. అది క్రియాపదం కాబట్టి ఏ తడబాటూ లేకుండా వచ్చింది.

మొదటి మాట తిరిగి రావడం ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆ మధ్యాహ్నం ఆవిడ ఉన్ని కత్తిరిస్తూ ఒక ముక్క ఆయన ఎడమచేతిలో పెట్టి "కాస్త పట్టుకోండి, ఫెల్ట్ జారిపోతోంది" అంది. ఆయన వేళ్ళతో నలిపి, "ఫెల్ట్" అన్నాడు. అని, తనే ఉలిక్కిపడ్డాడు. ఫెల్టక్కకి ఏం తోచిందో, లేచి టీచరమ్మ పియానో దగ్గరికి వెళ్ళి, ఫెల్ట్ అనే మెట్టు ఎక్కడుందో గుర్తు చేసుకుని నొక్కింది. అది మాట్లాడలేదు. మోగింది, మామూలు పియానో మోగినట్టు.

అదీ సంగతి. వస్తువు చేతికివ్వాలి, పేరు చెవికివ్వాలి. అప్పుడు మాట ఇటొస్తుంది, మోత అటెళ్తుంది. కష్టమల్లా ఒక్కటే. పేర్లు పియానో చెప్తుంది. వస్తువులు ఆవిడకి తెలుసు. ఏ పేరు ఏ వస్తువుదో మాత్రం చెప్పే మనిషి లేడు. చెప్పగలిగిన మనిషి ఎదురుగా కూచుని కళ్ళప్పగించి చూస్తున్నాడు.

ఇంతలో టీచరమ్మ వచ్చింది, గొడుగు చప్పుడు చేసుకుంటూ.

"ఏమ్మా, నా పియానో అయిందా?" అంటూ తనే మూత ఎత్తి ఒక మెట్టు నొక్కింది. "జాక్" అంది పియానో. ఇంకోటి నొక్కింది. "లిడ్." టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"మాట్లాడే మనుషులు నాకు ఇంటినిండా ఉన్నారమ్మా. నేను దీన్ని కొనుక్కుంది సంగీతానికి."

ఫెల్టక్క జరిగిందంతా చెప్పింది. టీచరమ్మ మేస్త్రి వంక చూసింది. తరవాత గొడుగు మూలన పెట్టేసింది.

"నామవాచకాలేగా" అంది. "ముప్పై ఆరేళ్ళు అవే చెప్పాను. రేపు డిక్షనరీ తెస్తాను."

మర్నాటినుంచి ఆ కొట్టు బడైపోయింది. టీచరమ్మ మెట్టు నొక్కేది, డిక్షనరీ తిరగేసేది, అర్థం గట్టిగా చదివేది. ఫెల్టక్క విని, ఆలోచించి, పియానో పొట్టలో చెయ్యి పెట్టి వెతికేది. మొదటిరోజు ఇద్దరికీ పోట్లాటే.

"బ్రిడ్జ్" అంది టీచరమ్మ. "ఇది నాకు తెలుసు. వంతెన."

"పియానోలో వంతెన ఏవిటండీ? కింద ఏరేమన్నా పారుతోందా?"

"నన్నడుగుతావేం? నేను పెట్టానా పేరు?"

ఫెల్టక్క బుగ్గ మీద వేలు పెట్టుకుని తీగల వంకే చూసింది. తీగలు ఒక చివర ఇనుపచట్రానికీ, ఒక చివర బిరడాలకీ ఉంటాయి. మధ్యలో ఒక పొడుగాటి చెక్కగట్టు మీంచి దాటుతాయి. తీగ కదిలితే గట్టు కదులుతుంది. గట్టు కదిలితే వీపు మోగుతుంది.

"దాటేది మోతండీ" అంది నెమ్మదిగా. "తీగలో పుట్టిన మోత ఈ గట్టుమీంచి దాటి వెనక పలకలోకి వెళ్తుంది. అయితే వంతెనే." మేస్త్రి ఎడమచెయ్యి తెచ్చి ఆ గట్టుమీద పెట్టి "బ్రిడ్జ్" అంది. "బ్రిడ్జ్" అన్నాడాయన. మెట్టు మోగింది. టీచరమ్మ డిక్షనరీ అంచున పెన్సిలుతో ఏదో రాసుకుంది.

కీ దగ్గర టీచరమ్మ తొందరపడి తన ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. మేస్త్రి దాన్ని జేబులో వేసుకున్నాడు. రాబట్టడానికి ఇద్దరూ పావుగంట బతిమాలాల్సి వచ్చింది. పియానో మెట్టునే కీ అంటారని తేలేసరికి సాయంత్రమైంది. డ్యాంపర్ అంటే తడిపేదై ఉండాలని టీచరమ్మ వాదన. "తడిస్తే ఇది ఎందుకూ పనికిరాదండీ, చచ్చూరుకుంటుంది" అని ఫెల్టక్క నోరుమూత ఒకటి విప్పి చూపించి, అంతలో తన మాట తనే విని ఆగిపోయింది. "చచ్చూరుకునేలా చేసేదే కదూ ఇది? తీగని?" ఆ మాటా తిరిగొచ్చింది. కారు ఎత్తే జాక్ చదివినప్పుడు మాత్రం డిక్షనరీ పూర్తయ్యేలోపే ఆవిడ మోకాలిలా వంగిన చిన్న కొయ్యముక్క తీసి ఆయన చేతిలో పెట్టేసింది. "ఇది సుత్తినెత్తుతుందండీ. కారైతేనేం, సుత్తైతేనేం." ఫెల్ట్ అంటే అనిపించింది అని డిక్షనరీలో ఉందని తెలిసి ఫెల్టక్క పడీ పడీ నవ్వింది. "ఇన్నాళ్ళూ ఊరంతా నన్ను అనిపించిందక్కా అని పిలుస్తోందన్నమాట!"

మేస్త్రి నవ్వలేదు. కానీ పొద్దున్నే షట్టరు దగ్గర టీచరమ్మ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

నెల తిరిగేసరికి తెల్లమెట్లు యాభై రెండులో ఒక్కటి తప్ప అన్నీ మోగుతున్నాయి. వచ్చిన మాటలన్నీ ఆయనతో పాటు ఆవిడకీ వచ్చేశాయి. పాఠశాలకి వెళ్ళి పదకొండు పియానోలూ విప్పి చూసి, ఏ గదిలో దేనికి ఏం పోయిందో ఫెల్టక్కే చెప్పింది, టీచరమ్మ రాసింది. మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, ఫైల్లో పెట్టాడు.

నల్లమెట్ల దగ్గర పని ఆగింది. ముప్పై ఆరు నల్లమెట్లలో ఉన్న మాటలు చేతిలో పెట్టేవి కావు. పిచ్, నోట్, స్కేల్, ఆక్టేవ్. డిక్షనరీ తీస్తే తారు, కాగితం, బద్ద అని ఉంది. నాలుగు రోజులు ఇద్దరూ తల పట్టుకున్నారు. అయిదో రోజున ఫెల్టక్కే అంది, "చేతికిచ్చేవి కావేమో టీచరుగారూ, చెవికిచ్చేవేమో." శ్రుతి చూసుకునే రెండు కాళ్ళ ఉక్కుకడ్డీ తీసి, మోకాలిమీద తట్టి, ఆయన చెవి దగ్గర పట్టుకుని "పిచ్" అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "పిచ్" అన్నాడు.

అలా పక్కనున్న నల్ల పియానో మీద వాయించి చూపిస్తూ చాలావరకు రాబట్టారు. బీట్, యూనిసన్ అనే రెండు మాత్రం మొరాయించాయి. ఏవిటో ఆవిడకి తెలుసు. పియానోలో చాలా మెట్లకి మూడేసి తీగలుంటాయి, మూడూ ఒకే మోత మోగాలి. ఒకటి వెంట్రుకవాసి తేడాగా ఉన్నా మోత నిలబడదు, అలలా ఊగుతుంది. ఆ ఊగడం ఒకటి, ఆ ఊగు పోయి మూడూ ఒకటైపోవడం ఒకటి. చూపించాలంటే తీగ వదులు చెయ్యాలి, మళ్ళీ బిగించాలి. అంటే శ్రుతి మీట పట్టాలి.

ఇరవై ఏళ్ళ కింద ఆవిడ ఆ మీట ఒకసారి పట్టుకుంది. మేస్త్రి జ్వరంతో మేడమీద పడుకుని ఉన్నాడు. డాన్సు బడివాళ్ళు సాయంత్రానికి పియానో కావాలని కూచున్నారు. ఆవిడ విని విని ఉన్న చెవితో మూడు గంటల్లో శ్రుతి చేసేసింది. మేస్త్రి దుప్పటి కప్పుకుని కిందికి దిగొచ్చి, ఈ చివరనుంచి ఆ చివరదాకా వాయించి చూసి, మీట తీసుకుని తీగలన్నీ వదులు చేసి, మళ్ళీ మొదటినుంచీ తనే చేశాడు. "ఏం తప్పొచ్చిందండీ?" అని అడిగింది. "తప్పని కాదు" అన్నాడు. తప్పని చెప్పినా ఆవిడ అంత బాధపడేది కాదు. ఆ తరవాత ఆ మీట తుడిచి పెట్టేదే గానీ బిరడాకి తగిలించలేదు.

ఇప్పుడు కొక్కేన్నుంచి తీసింది.

"వదిలెయ్" అన్నాడు మేస్త్రి.

ఆవిడ నల్ల పియానో పై పలక విప్పింది.

"వదిలెయ్ అన్నానా! తీసెయ్! చెయ్యకు!"

"క్రియలన్నీ బాగానే ఉన్నాయి మేస్త్రిగారూ" అంది టీచరమ్మ, డిక్షనరీ మీంచి తలెత్తకుండా.

ఆవిడ ఒక తీగని వెంట్రుకవాసి వదులు చేసి మెట్టు నొక్కింది. మోత ఊగింది, ఉయ్యాల ఊగినట్టు. "బీట్" అంది ఆయన వంక చూడకుండానే. మీట మెల్లిగా, ఊపిరి బిగబట్టి, పైకి తిప్పింది. ఊగు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగింది. మూడు తీగలూ ఒకే గీతలా నిలబడ్డాయి. "యూనిసన్" అంది.

మేస్త్రి గోడవైపు తిరిగాడు. పియానో ఎప్పుడో ఊరుకుంది. చివరికి, అటు తిరిగే, రెండు మాటలూ అన్నాడు. నల్లమెట్లు రెండూ మోగాయి.

మిగిలింది ఒక్క తెల్లమెట్టు. కుడిచివర అన్నిటికన్నా పైది. అది నొక్కితే "ట్యూనర్" అనేది.

దానికి డిక్షనరీ కూడా అక్కర్లేదనుకున్నారు. ట్యూనర్ అంటే శ్రుతి చేసే మనిషి. మేస్త్రి కూడా పట్టేశాడు. ఎడమచెయ్యి తన గుండెమీద వేసుకుని "ట్యూనర్" అన్నాడు. ఫెల్టక్క మెట్టు నొక్కింది.

"ట్యూనర్" అంది పియానో.

ఇంకోసారి చేశారు. మీట చేతికిచ్చి చేశారు, ఉక్కుకడ్డీ ఇచ్చి చేశారు. ఆయన రోజూ పొద్దున్నే కొట్టు తీస్తూనే వచ్చి గుండెమీద చెయ్యి వేసుకుని నిలబడేవాడు. ఇరవై రోజులు పియానో అదే మాట తిప్పి చెప్పింది.

"పదం బాగానే పలుకుతున్నారు మేస్త్రిగారూ" అంది టీచరమ్మ ఒకరోజు. "అర్థమే ఎక్కడో తప్పుతోంది."

మేస్త్రి ఆవిడవంక ఎర్రగా చూశాడు. ఫెల్టక్క ఉన్ని కత్తిరిస్తూనే ఉంది, తల ఎత్తలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక సోమవారం పొద్దున్న ఫెల్టక్క మీట, ఉక్కుకడ్డీ, ఉన్ని చీలికలు సంచిలో వేసుకుంది. "పాఠశాలకి వెళ్తున్నానండీ. అన్నం గిన్నెలో పెట్టాను" అంది. ఆయన వద్దనలేదు, సరేననలేదు. ఆవిడ గుమ్మం దాటాక కిటికీ దగ్గరికి వెళ్ళి మలుపు తిరిగేదాకా చూశాడని కళ్ళజోళ్ళాయన తరవాత చెప్పాడు.

రోజుకి రెండు పియానోలు. మొదటిరోజు భుజం పట్టేసింది. రెండోరోజు మూడో గదిలో చేసింది నచ్చక మళ్ళీ విప్పింది. మధ్యాహ్నాలు వరండాలో కూచుని డబ్బా విప్పి తింటుంటే చెవుల్లో తీగలు మోగుతూనే ఉండేవి. సాయంత్రం ఇంటికొస్తే ఆయన ఏమీ అడిగేవాడు కాదు. అయిదోరోజు రాత్రి మాత్రం ఆవిడ చెయ్యి ఎత్తలేక చెంచా కింద పెడితే, ఆయన వేడినీళ్ళ గుడ్డ తెచ్చి ఎడమచేత్తో భుజం మీద వేశాడు.

శనివారం చివరి పియానో. పైమెట్టు ముగించి మూత వెయ్యబోతుంటే వరండాలో కర్ర చప్పుడైంది. ఆయన చేతికర్రతో ఒక్కో గదిలోకీ వెళ్తున్నాడు. మొదటి గదిలో ఎడమచేత్తో రెండు మెట్లు కలిపి నొక్కాడు, నిలబడ్డాడు, కదిలాడు. రెండో గది. మూడో గదిలో చాలాసేపు. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద అలాగే కూచుంది. ఇరవై ఏళ్ళ కింది ఆ దుప్పటి, ఆ మీట చప్పుడు గుర్తొచ్చాయి. తీగలు వదులు చెయ్యడానికి ఈసారి ఆయన చేతిలో బలం లేదు కానీ, "తప్పని కాదు" అనడానికి బలం అక్కర్లేదు.

పదకొండో గదిలోకి వచ్చి, చివరి పియానో కూడా వాయించి చూశాడు.

"పద" అన్నాడు. "ఇంటికి."

సంచి తనే తీసుకుని ఎడమభుజాన వేసుకున్నాడు.

సోమవారం టీచరమ్మ లారీతో వచ్చేసింది, నలుగురు మోతగాళ్ళని వెంటేసుకుని. "ఒక్క మెట్టు మాట్లాడితే మాట్లాడనీ. ఎనభై ఏడు చాలు నాకు. బుధవారం మొదటి పాఠం" అంది. వాళ్ళు పియానోకి దుప్పట్లు చుట్టి, పట్టీలు కట్టి, మెట్లమీది మూత మాత్రం ఇంకా తెరిచే ఉంచారు. వాళ్ళలో పెద్దవాడు రసీదు పుస్తకం తీసి కొట్టంతా కలయజూశాడు.

"ఇక్కడ ట్యూనర్ సంతకం కావాలండీ. దారిలో శ్రుతి చెడితే మామీదికి రాకుండా. ట్యూనరెవరు?"

మేస్త్రి బల్లదగ్గర మరలు డబ్బాల్లో సర్దుతున్నాడు. పని మీంచి తల ఎత్తలేదు. వాడి చేతిలో కలం ఎడమచేత్తో అందుకుని, పక్కనే ఉన్న భార్య చేతిలో పెట్టి, "ట్యూనర్ ఈవిడ" అన్నాడు. మళ్ళీ మరలు ఏరుకోసాగాడు.

ఏరుతున్న చెయ్యి మధ్యలో ఆగింది.

మోతగాడు రసీదు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, తనేదో అడక్కూడనిది అడిగానా అన్నట్టు. టీచరమ్మ మెల్లిగా వెళ్ళి, దుప్పటి పక్కకి జరిపి, కుడిచివరి మెట్టు నొక్కింది. సన్నగా, గాజుమీద గోరు తగిలినట్టు మోగింది.

మేస్త్రి తల పక్కకి వాల్చి విన్నాడు.

"శ్రుతి కాస్త కిందికి ఉంది" అన్నాడు.

"తెలుసు" అంది ఫెల్టక్క. "ఒక్క పావుగంట ఆగండి నాయనా" అని మోతగాళ్ళతో చెప్పి, పట్టీలు విప్పించింది. వాళ్ళు గొణుక్కుంటూ అరుగుమీద కూచున్నారు. ఆవిడ మీట తగిలించి తిప్పుతుంటే ఆయన పక్కన నిలబడి విన్నాడే గానీ, చెయ్యి చాపలేదు. పని అయ్యాక ఆవిడ చేతులు తుడుచుకుని సంతకం పెట్టింది. మోతగాడు పేరు చదివి తలూపాడు.

ఆ సంవత్సరం పరీక్షలకి వచ్చిన బయటివాళ్ళు పియానోల గురించి అడిగి, కొట్టు ఫోన్ నంబరు రాసుకుపోయారు. ఇంకో రెండు పాఠశాలలు, ఒక హాలు వాళ్ళు ఫోన్ చేశారు. ఫోన్ దగ్గర ఇప్పుడు మేస్త్రే కూచుంటాడు. మాటలన్నీ తిరిగొచ్చేశాయి కాబట్టి ఎవరి పియానోలో ఏ భాగం పోయిందో ఇంగ్లీషులో గలగలా అడిగి రాసుకుంటాడు. వచ్చేవారం హాల్లో కచేరీ ఉందని, ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరో కంగారుపడుతూ ఫోన్ చేశారు. ట్యూనరుతో వెంటనే మాట్లాడాలన్నారు.

మేస్త్రి మేడవైపు చూసి, మళ్ళీ ఫోన్లోకి వంగాడు.

"ట్యూనరు భోంచేస్తోందండీ" అన్నాడు. "అరగంటాగి చెయ్యండి."